ఆటలో ఆ పాత్రే ఎందుకు?

2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడాలంటే ముందు ఒక పాత్రను ఎంచుకోవాలి. జాతి, వృత్తి, ముఖం, జుట్టు... అన్నీ ఆడేవాళ్ల ఇష్టమే. కొందరు జట్టు అవసరం చూస్తారు. దెబ్బలు కాచుకునే ట్యాంక్, గాయాలు మాన్పే హీలర్ లేకపోతే పెద్ద రాక్షసుల ముందు నిలబడటం కష్టం మరి!

ఇంకొందరు నిజజీవితంలో అందనిదాన్ని కోరుకుంటారు. నార్వే కుర్రాడు మాట్స్ స్టీన్‌కి కండరాలు క్షీణించే డుషెన్ వ్యాధి. ఉండేది చక్రాల కుర్చీలో. ఆటలో మాత్రం అతను ఐబెలిన్, దిట్టమైన డిటెక్టివ్. అక్కడ హాయిగా పరుగులు తీసేవాడు. 2014లో 25 ఏళ్లకే అతను చనిపోతే, ఆటలో పరిచయమైన స్నేహితులు కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. ఆ స్నేహం ఉత్తుత్తిదని ఎవరనగలరు?

పాత్ర కూడా మనిషిని మారుస్తుంది. పరిశోధకులు నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, పొడవైన అవతార్ దక్కినవాళ్లు డబ్బు పంపకంలో గట్టిగా బేరమాడారు. దీన్నే ‘ప్రోటియస్ ఎఫెక్ట్’ అంటారు.