వాహన పరీక్షా సాంకేతికతలు - మార్గ ప్రాతినిధ్యం: ఇల్లందు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాహనం రహదారిపైకి రాకముందే దాని భద్రతను, పొగ పరిమాణాన్ని, మన్నికను నిర్ధారించే సాంకేతికతలు గత దశాబ్ద కాలంలో ఎంతో మారాయి. మోటారు వాహన ఇంజనీర్ల సదస్సులలో నేడు యంత్రభాగాలతో సమానంగా పరీక్షా విధానాలు కూడా చర్చకు వస్తున్నాయి. ఈ వ్యాసం వాటిలో ముఖ్యమైనవాటి పనితీరును వివరిస్తుంది. ప్రతి పరీక్షా ఒక మార్గాన్ని ముందుగా ఊహించుకొని సాగుతుందనీ, ఆ ఊహిత మార్గంలో చోటు దొరకని దారులకు పరీక్షాఫలితం పూర్తిగా వర్తించదనీ ప్రతిపాదిస్తుంది. బొగ్గు గనులు, అడవి కలిసే ఇల్లందు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, దారులకూ వాహన లోపాలకూ తెలుగులో ఉన్న పేర్లు ఈ విషయంలో ఎలా తోడ్పడగలవో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వాహన పరీక్ష, ఊహిత మార్గం, ఢీ పరీక్ష, స్వయంచాలిత వాహనం, చిత్రసంచయం, ఇల్లందు, సింగరేణి, పారిభాషిక పదం.

1. ఉపోద్ఘాతం:
ఇల్లందు రవాణా వల్ల పెరిగిన ఊరు. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి స్థిరపడింది. ఇల్లందును స్థానికులు ‘బొగ్గుట్ట’ అని కూడా అంటారు. డోర్నకల్ నుంచి వచ్చిన రైలుమార్గం బొగ్గు తరలింపు కోసం పుట్టినదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ ప్రాంతం ఖమ్మం నుంచి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

నాటి భూగర్భ గనుల స్థానంలో ఉపరితల గనులు వచ్చిన తరువాత ఇక్కడి రవాణా స్వరూపం మారింది. బొగ్గు టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, ద్విచక్ర వాహనాలు, ట్రాక్టర్లు, పశువులు, పాదచారులు ఒకే దారిని పంచుకుంటారు. కోయ, లంబాడ పల్లెలకు వెళ్లే దారులు ఈ రహదారి నుంచే చీలుతాయి. ఇటువంటి దారిపై నడిచే వాహనాన్ని ఎక్కడ, ఏ దారిని మనసులో ఉంచుకొని పరీక్షించారన్నది ఇక్కడి ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

2. పరీక్షా సంస్థలు - సదస్సులు:
కేంద్ర మోటారు వాహన నియమావళి, 1989లోని 126వ నియమం ప్రకారం ప్రతి కొత్త నమూనా వాహనమూ గుర్తింపు పొందిన సంస్థలో పరీక్షకు నిలవాలి. 1966లో పుణెలో ఏర్పడిన ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ అటువంటి సంస్థలలో ముఖ్యమైనవి. ఇండోర్ సమీపంలోని నాట్రాక్స్ క్షేత్రంలో 11.3 కిలోమీటర్ల అతివేగ పరీక్షా వలయం 2021 జూన్‌లో ప్రారంభమైంది.

ఈ రంగపు పరిశోధనలను ఒకచోట చేర్చేవి సదస్సులు. 1948లో పారిస్‌లో ఏర్పడిన ఫిసిటా అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య తన ప్రపంచ మహాసభను 2018 అక్టోబరులో చెన్నైలో నిర్వహించింది. పుణెలో ఏఆర్‌ఏఐ సాధారణంగా రెండేళ్లకొకసారి ‘సియాట్’ సదస్సును జరుపుతుంది. ఇటువంటి వేదికలపై చర్చించే పరీక్షా విధానాలను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించవచ్చు: కొలత పరీక్షలు, ఢీ పరీక్షలు, అనుకరణ పరీక్షలు.

3. పరీక్షా విధానాలు - వాటి వెనుక ఉన్న మార్గం:

3.1. కొలత పరీక్షలు:
పొగను కొలిచేందుకు వాహనాన్ని గదిలో రోలర్లపై నిలుపుతారు. చక్రాలు తిరుగుతాయి గాని బండి కదలదు. రహదారిపై గాలి, నేల కలిగించే నిరోధాన్ని రోలర్లే కలిగిస్తాయి. ఎన్నవ సెకనులో ఎంత వేగంతో వెళ్లాలో ముందే నిర్ణయించిన పట్టిక ఉంటుంది. భారతదేశంలో కార్లకు వాడుతూ వచ్చిన పట్టిక నిడివి 1180 సెకన్లు, అందులోని గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఆ పట్టికలో ఎత్తుపల్లాలు లేవు, గుంతలు లేవు, అకస్మాత్తుగా అడ్డువచ్చే మేకల మంద లేదు. అందరినీ ఒకే కొలతతో పోల్చడానికి ఈ సరళీకరణ అవసరమే. అయితే గదిలో తక్కువ పొగ వదిలిన బండి బయట ఎక్కువ వదలవచ్చునని ప్రపంచవ్యాప్తంగా తేలింది.

ఆ లోటును పూరించడానికి వచ్చినదే వాస్తవ మార్గ పరీక్ష. పొగగొట్టానికి అమర్చిన చిన్న పరికరం, వాహనం నిజమైన దారిపై వెళ్తుండగానే వాయువులను కొలుస్తుంది. భారత్ స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, వాటి రెండో దశలో భాగంగా 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ వాస్తవ మార్గ పరీక్షలోనూ పొగ పరిమితికి లోబడి ఉండటం తప్పనిసరి అయింది. పరీక్ష గది నుంచి దారిపైకి నడిచిన సందర్భంగా దీనిని చెప్పుకోవచ్చు.

3.2. ఢీ పరీక్షలు:
2023 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న ‘భారత్ ఎన్‌క్యాప్’ కార్లకు నక్షత్రాల రూపంలో భద్రతా శ్రేణిని ఇస్తుంది. ఇందులో గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారు ముందుభాగంలో కొంత మేర, నలిగే స్వభావం గల అడ్డుగోడను ఢీకొట్టిస్తారు. పక్క నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కదిలే అడ్డును తగిలిస్తారు. స్తంభాన్ని పక్కగా ఢీకొనే పరీక్షలో వేగం గంటకు 29 కిలోమీటర్లు. లోపల కూర్చోబెట్టిన బొమ్మల తల, మెడ, ఛాతీ, కాళ్లలోని సంవేదకాలు దెబ్బ తీవ్రతను నమోదు చేస్తాయి.

ఈ శ్రేణి స్వచ్ఛందమైనది. 3.5 టన్నులకు మించని, డ్రైవరు కాక ఎనిమిది సీట్ల వరకు ఉన్న ప్రయాణికుల కార్లకే ఇది పరిమితం. ఇల్లందు దారిపై అధికంగా కనిపించే ఆటో, టిప్పర్, ద్విచక్ర వాహనం దీని పరిధిలోకి రావు. పైగా గనిలోపల తిరిగే భారీ డంపర్లకు రహదారి నియమాలు కాక, బొగ్గు గనుల నిబంధనలు, 2017 ప్రకారం గనుల భద్రతా డైరెక్టరేట్ పర్యవేక్షణ వర్తిస్తుంది. అంటే ఒకే ఊరి పరిధిలో కారుకు ఒక రకం, టిప్పరుకు మరొక రకం, డంపరుకు ఇంకొక రకం పరీక్షా ప్రపంచాలు ఉన్నాయి. ఐదు నక్షత్రాల కారు ప్రమాణం అడ్డుగోడను ఢీకొన్న సందర్భానిది. బొగ్గు నిండిన టిప్పరు ఎదురైన సందర్భానికి అది హామీ కాదు.

3.3. అనుకరణ పరీక్షలు:
నేటి వాహనంలో బ్రేకు, స్టీరింగు, ఇంజను అన్నిటినీ చిన్న కంప్యూటర్లు నియంత్రిస్తాయి. వీటిని పరీక్షించేటప్పుడు నిజమైన నియంత్రణ పెట్టెను బల్లపై ఉంచి, దానికి కల్పిత వాహనపు సంకేతాలను పంపుతారు. తాను నిజమైన బండిలోనే ఉన్నట్లుగా ఆ పెట్టె స్పందిస్తుంది. మనిషితో చేయించడానికి ప్రమాదకరమైన సందర్భాలను ఈ పద్ధతిలో వేలసార్లు పునరావృతం చేయవచ్చు.

ఈ రంగంలో తెలుగునేలపై జరిగిన ముఖ్యమైన ప్రయత్నం ‘తిహాన్’. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 130 కోట్ల రూపాయల వ్యయంతో చేపట్టిన ఈ స్వయంచాలిత వాహన పరీక్షాక్షేత్రం 2022 జులై 4న ప్రారంభమైంది. డ్రైవరు లేని నేలవాహనాలను, డ్రోన్లను నియంత్రిత పరిస్థితులలో పరీక్షించడానికి ఇందులో పరీక్షా మార్గాలు, డ్రోన్ల రన్‌వే, నియంత్రణ కేంద్రాలు ఉన్నాయి.

4. యంత్రానికి దారిని నేర్పడం - పేర్ల సమస్య:
డ్రైవరు లేని వాహనం, లేదా డ్రైవరును హెచ్చరించే వాహనం, కెమెరా చిత్రంలోని ప్రతి భాగాన్నీ ఏదో ఒక పేరు కింద చేర్చుకుంటుంది. ఆ పేర్లను మనుషులు ముందుగా వేలాది చిత్రాలపై గుర్తించి ఇస్తారు. అటువంటి చిత్రసంచయాలలో ప్రసిద్ధమైన ‘సిటీస్కేప్స్’ ప్రధానంగా జర్మనీ నగరాలది. అక్కడ రోడ్డుకు స్పష్టమైన అంచు ఉంటుంది. ఆటో ఉండదు.

ఐఐఐటీ హైదరాబాద్, ఇంటెల్ సంస్థ సహకారంతో 2018లో వెలువరించిన ‘ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్’ ఈ కొరతను గుర్తించింది. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 ప్రయాణాల నుంచి తీసిన 10,004 చిత్రాలను 34 వర్గాలుగా గుర్తించారు. ‘ఆటోరిక్షా’, ‘జంతువు’ అన్న వర్గాలు చేరాయి. రోడ్డు కాకపోయినా బండి దిగగల మట్టి అంచు వంటి స్థలాలకు ‘నడపదగిన ఇతర స్థలం’ అనీ, దిగరాని వాటికి ‘నడపరాని ఇతర స్థలం’ అనీ అర్థమిచ్చే వర్గాలను ఏర్పరచారు. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది ఒక పదకోశ నిర్మాణమే. పేరు పొందినదే యంత్రానికి వేరుగా కనబడుతుంది. పేరు లేనిది ‘ఇతరం’లో కలిసిపోతుంది.

తెలుగులో ఈ ‘ఇతర స్థలం’ ఎన్నడో విభజన పొందింది. కాలిబాట, బండిబాట, డొంక, పుంత, గట్టు అన్న పదాలు దారి ఆకారాన్ని మాత్రమే చెప్పవు, దానిపై ఎవరు, ఏ సాధనంతో వెళ్లగలరో కూడా చెబుతాయి. కాలిబాటపై బండి పట్టదు. బండిబాటపై చక్రాల గాళ్లు ఉంటాయి. రైతు వాడుకలోని ఈ విభజన, యంత్రానికి నేర్పవలసిన ‘నడపదగినది - నడపరానిది’ అన్న విభజన కంటే సూక్ష్మమైనది.

‘జంతువు’ అన్న ఒకే వర్గం విషయంలోనూ ఇదే పరిమితి ఉంది. బర్రె హారన్‌కు అంత సులువుగా కదలదు. మేకల మందలో ఒకటి దాటితే తక్కినవి దాని వెంటే దాటుతాయి. దూడ వెనుక తరచుగా దాని తల్లి గాని, కాపరి పిల్లవాడు గాని ఉంటారు. పల్లెదారిపై బండి నడిపే వ్యక్తి ఈ భేదాలను బట్టే బ్రేకుపై కాలు వేస్తాడు. వేరు వేరు ప్రవర్తనలను ఒకే పేరు కింద చేర్చినప్పుడు యంత్రం ఊహించగలిగేది తగ్గుతుంది.

5. ఇల్లందు దారి - సంవేదకాల పరిమితులు:
వాహన సంవేదకాలలో ముఖ్యమైనవి మూడు. కెమెరాకు వెలుతురు అవసరం. రాడార్ రేడియో తరంగాలతో దూరాన్ని, వేగాన్ని కొలుస్తుంది. దుమ్ములోనూ పనిచేస్తుంది గాని ఎదుటి వస్తువు ఆకారాన్ని స్పష్టంగా పోల్చుకోలేదు. లైడార్ లేజరు కిరణాలతో ఆకారాన్ని చక్కగా గ్రహిస్తుంది గాని దట్టమైన ధూళిలో ఆ కిరణాలు చెదిరిపోతాయి. నల్లని ఉపరితలం కిరణాలను ఎక్కువగా పీల్చుకుని తక్కువగా తిప్పి పంపుతుంది.

బొగ్గు పొడి కప్పిన టిప్పరు వీధిదీపం లేని అడవి దారిలో, రాత్రివేళ, వెనుక దీపాలు మసకబారి ఆగి ఉంటే కెమెరాకూ లైడార్‌కూ ఏకకాలంలో కష్టమైన సందర్భం ఎదురవుతుంది. రాడార్ కొంత ఆదుకుంటుంది. కానీ ఆగి ఉన్న వస్తువును రోడ్డు పక్కనున్న స్తంభాలు, రెయిలింగుల నుంచి వేరుచేయడం దానికి సులభం కాదు. ఇటువంటి సందర్భాన్ని అనుకరణ పరీక్షలో చేర్చడం సాంకేతికంగా సాధ్యమే. అయితే చేర్చాలంటే ముందుగా ఎవరో దానిని గమనించి, వివరించి, నమోదు చేయాలి.

6. మెకానిక్కుల తెలుగు - పరీక్షా పరిభాష:
1968లో ఏర్పడిన తెలుగు అకాడమి అనేక శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలను రూపొందించింది. వాటి పద్ధతి ప్రధానంగా నామవాచకాలను కల్పించడం. షెడ్డులోని తెలుగు మరొక దారిలో నడిచింది. ‘బ్రేకు’, ‘గేరు’, ‘ఇంజను’ అన్న నామాలను యథాతథంగా తీసుకుని, లోపాలను తెలుగు క్రియలతో చెప్పింది: బ్రేకు పట్టడం లేదు, గేరు పడటం లేదు, బండి లాగడం లేదు, బండి ఒక పక్కకు గుంజుతోంది.

ఈ క్రియలు కొలతకు లొంగేవే. వాడుకలో ఉన్న వాహనాల సామర్థ్యాన్ని యంత్రాలతో తనిఖీ చేసే స్వయంచాలిత పరీక్షా కేంద్రాలలో, బండి చక్రాలను రోలర్లపై ఉంచి కుడి, ఎడమ చక్రాల బ్రేకు బలాలను విడివిడిగా కొలుస్తారు. రెండింటి మధ్య తేడా ఎక్కువైతే బండి పరీక్షలో నిలవదు. ‘బ్రేకు వేస్తే ఒక పక్కకు గుంజుతోంది’ అన్న టిప్పరు డ్రైవరు మాట, యంత్రం అంకెలలో చూపే ఆ తేడాకు అనుభవ రూపం. రెండూ ఒకే లోపాన్ని చెబుతున్నాయి. పరీక్షాపత్రం ఆంగ్లంలో ‘విఫలం’ అని మాత్రమే చెబితే డ్రైవరుకు మిగిలేది మరో తేదీ. అదే లోపాన్ని అతని క్రియతో చెబితే బండిలో ఏమి సరిచేయించాలో, అంతవరకు ఎలా నడపరాదో తెలుస్తుంది.

7. ముగింపు:
పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది విషయాలను నిర్ధారించవచ్చు.

- ప్రతి వాహన పరీక్షా ఒక ఊహిత మార్గంపై ఆధారపడుతుంది. ఫలితాన్ని చదివేవారు ఆ మార్గమేదో కూడా తెలుసుకోవాలి.
- పొగ పరీక్ష గది నుంచి దారిపైకి వచ్చింది. భద్రతా పరీక్ష కూడా ఆ దిశలో మరింత నడవవలసి ఉంది. ఆటో, టిప్పర్, ద్విచక్ర వాహనం కలిసి నడిచే దారి ఇందులో ముఖ్యం.
- చిత్రసంచయాలకు వర్గాలను నిర్ణయించడం ఇంజనీర్లతోపాటు భాషా పరిశోధకులకూ సంబంధించిన పని. దారులకు, పశువుల ప్రవర్తనకు తెలుగులో ఉన్న పదాలను మాండలికాలవారీగా సేకరిస్తే అవి ఈ పనికి నేరుగా ఉపయోగపడతాయి.
- పరీక్షాపత్రాలను, హెచ్చరికలను తెలుగులోకి తెచ్చేటప్పుడు కొత్త నామాల కల్పన కంటే డ్రైవర్లు, మెకానిక్కులు వాడే క్రియలను స్వీకరించడం ప్రయోజనకరం.

తిహాన్ పరీక్షాక్షేత్రం, ఐఐఐటీ చిత్రసంచయం రెండూ తెలుగునేలపై రూపుదిద్దుకున్నవే. వాటికి నగరపు దారి ఇప్పటికే పరిచయమైంది. ఇల్లందు, భద్రాచలం అడవి అంచు దారులను అక్కడికి చేర్చడానికి కావలసినవి కెమెరా అమర్చిన ఒక బండి, ఆ దారిని రోజూ నడిపే ఒక డ్రైవరు, అతని మాటను శ్రద్ధగా రాసుకునే ఒక పరిశోధకుడు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, ఇంజనీరింగ్ శాఖలు కలిసి చేపట్టదగిన క్షేత్రపరిశోధన ఇది.