ఓపెన్ కారు జీర్ణోద్ధరణము

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమునకు కొంచెము దక్షిణముగా ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. 1962 మొదలు 1980 అక్టోబరు వరకు అచ్చటి కర్మాగారములో ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారు తయారగుచుండెను. దాని టాపు గుడ్డతో చేసినది. ఎండ కాయునప్పుడు దానిని వెనుకకు మడిచివైచి, ఇద్దరు మనుష్యులు బయటిగాలి అనుభవించుచు ప్రయాణము చేయవచ్చును. ఇనుప కప్పు గల మరియొక రకముతో కలిపి ఈ బండ్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. వానిలో కడపటిదానికి సైతము ఇప్పటికి నలుబది యేండ్లు దాటినవి. ఐనను అనేక దేశములలో అవి యింకను రోడ్లపై తిరుగుచునే యున్నవి. అంత పాతబడిన బండి ఏ భాగమున ముందుగా చెడును, దానిని బాగుచేయు పనివాడు దేనికి ఎక్కువగా భయపడును అను విషయమును విచారించినచో, పాఠశాలలో నేర్చుకొను భౌతిక, రసాయనిక శాస్త్ర విషయములు కొన్ని కండ్లకు కట్టినట్లు తెలియగలవు.

చాలమంది ఇంజనుకు భయపడుదురు. నిజమునకు ఇంజను భయపడవలసినది కాదు. ఎం.జి.బి.లో నున్నది 1798 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. మన అంబాసిడరు కారులో చిరకాలము వాడబడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, ఇదియు ఒకే కుటుంబమునకు చెందినవి, అన్నదమ్ములనవచ్చును. అంబాసిడరును విప్పి బిగించిన మేస్త్రీకి దీనిని చూపినచో పెద్దగా తికమకపడడు. సిలిండర్లు అరిగినచో బోరు చేయించి పెద్ద పిస్టనులు వేయవచ్చును, బేరింగులు మార్చవచ్చును, మొత్తము ఇంజనునే ఎత్తి మరియొకటి దింపవచ్చును. బండి ఆయువు నిర్ణయించునది ఇంజను కాదు, ఇనుప రేకులతో చేసిన దాని శరీరము.

పూర్వపు కార్లకు అడుగున బలమైన ఇనుప ఛాసీ యుండి, శరీరము దానిపై కూర్చుండెడిది. ఎం.జి.బి.కి అట్టి ఛాసీ లేదు. వంచి, మడిచి, స్పాట్ వెల్డింగుతో కలిపిన పలుచని ఉక్కు రేకులే బరువంతయు మోయును. కప్పు గల కారులో ఈ పద్ధతి సులభము. నేల, కప్పు, వానిని కలుపు స్తంభములు చేరి మూతవేసిన పెట్టెవలె నుండును. మూత తీసిన చెప్పుల అట్టపెట్టెను రెండు మూలలు పట్టి మెలిపెట్టిన యెడల అది ఎట్లు వంకరపోవునో పిల్లలకు కూడ తెలియును. ఓపెన్ కారు మూత తీసిన పెట్టెయే. కావున కప్పు చేయవలసిన పనిని మరియొక భాగము చేయవలెను. ఆ పని ముఖ్యముగా రెండు తలుపుల క్రింద, ముందు చక్రము నుండి వెనుక చక్రము వరకు సాగియుండు రెండు రేకు గొట్టములపై పడినది. ఇంటి ద్వారమునకు గడప యెట్లో కారు తలుపునకు ఇవి యట్లు. కనుక వీనిని గడపలనియే చెప్పుట యుక్తము.

గొట్టమునకు అంత బలమెక్కడిది? దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక దళసరి కాగితమును గొట్టముగా చుట్టి, అంచును జిగురుతో పొడవునా అంటించి, ఆరిన పిమ్మట రెండు కొనలు పట్టుకొని మెలిపెట్టి చూడవలెను. అది సులభముగా లొంగదు. ఇప్పుడు బ్లేడుతో ఈ కొన నుండి ఆ కొన వరకు ఒక్క గాటు పెట్టి, మరల మెలిపెట్టినచో ఏ ప్రయాసయు లేక తిరుగును. కాగితమేమియు పోలేదు, బరువు తగ్గలేదు. చుట్టు తెగినది, అంతియే. గాటు పడినచోట ఒక అంచు ముందుకును, రెండవది వెనుకకును జారిపోవుటకు వీలు కలిగినది. లోహపు గొట్టమునకు ఈ భేదమును లెక్కకట్టవచ్చును. వ్యాసార్థమును రేకు మందముచే భాగించి, వచ్చినదానిని వర్గము చేసి, మూడింటితో హెచ్చవేసినచో, మూసిన గొట్టము కోసిన గొట్టము కంటె ఎన్ని రెట్లు గట్టిగా మెలికను ఎదిరించునో తెలియును. 2 సెంటీమీటర్ల వ్యాసార్థము, 1 మిల్లీమీటరు మందము గలదైనచో ఆ భేదము 1200 రెట్లు!

ఎం.జి.బి. గడప గుండ్రని గొట్టము కాదు గాని సూత్రమదియే. వెలుపలి రేకు, లోపలి రేకు, వాని నడుమ నిలువుగా నిలిచిన మరియొక రేకు, అడుగున వీనిని కలుపు పట్టీ, ఇవన్నియు అంచులవద్ద వెల్డింగుతో చేరి మూసిన పెట్టె యగును. ఆ అడుగు అతుకు పొడవునా తుప్పు పట్టినచో, ఆ తుప్పు చేయు పని బ్లేడు గాటు చేసిన పనియే. రేకులో తొంబది పాళ్ళు చెక్కుచెదరక పోవచ్చును. పైన రంగు మెరయుచు నుండవచ్చును. ఐనను గొట్టము గొట్టము కాకుండ పోయినది.

దురదృష్టవశమున తుప్పు కోరి కోరి పట్టునది ఆ అతుకులనే. దానికి కారణము రసాయనికమైనది. ఇనుము తడిలో కరగునప్పుడు ఎలక్ట్రానులను విడిచిపెట్టును; వేరొకచోట నీటిలో కరిగియున్న ఆక్సిజన్ ఆ ఎలక్ట్రానులను గ్రహించును. ఇది చిన్న బ్యాటరీ వంటిది. ఆక్సిజన్ సమృద్ధిగా చేరుచోట లోహము సురక్షితముగా నుండి, ఆక్సిజన్ చాలనిచోట లోహము కరగిపోవును. తుప్పునకు ఆక్సిజన్ అవసరమైనప్పుడు అది లేనిచోట నష్టము కలుగుట వింతగా తోచును. కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఇవాన్స్ అను శాస్త్రజ్ఞుడు 1920వ దశకములో ఒక్క ఉప్పునీటి బొట్టుతో దీనిని నిరూపించెను. ఉప్పునీటిలో కొద్దిగా పొటాసియం ఫెర్రిసైనైడు, ఫినాల్ఫ్తలీను కలిపి, గరుకు కాగితముతో రుద్దిన ఇనుప రేకుపై ఒక బొట్టు ఉంచిన కొంతసేపటికి, బొట్టు నడుమ నీలిరంగును, అంచు చుట్టును గులాబిరంగును కనబడును. నీలిరంగు ఇనుము కరగుచున్నదనుటకును, గులాబిరంగు ఆక్సిజన్ ఎలక్ట్రానులను గ్రహించి క్షారము పుట్టుచున్నదనుటకును గుర్తులు. గాలి సులభముగా అందు అంచు బ్రతికినది, గాలి అందని నడుమ భాగము బలియైనది.

రెండు రేకుల నడుమ సందులో, చక్రము చిమ్మిన బురద క్రింద, పొంగిన రంగు అడుగున ఆక్సిజన్ చాలదు. తడి మాత్రము ఆరదు. ఇంగ్లండులో చలికాలమున మంచు గడ్డకట్టకుండుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయును గనుక ఆ చిన్న బ్యాటరీ మరింత చురుకుగా పనిచేయును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో కిటికీ ఊచలు త్వరగా తినిపోవుటకును ఇదియే కారణము. అంతేకాక ఇనుము తుప్పుగా మారినప్పుడు అనేక రెట్లు ఉబ్బును. ఆ ఉబ్బు రేకులను మేకువలె విడదీసి, క్రొత్త నీటికి దారి చేయును. ఎం.జి.బి.లో ముందు చక్రము వెనుకనున్న రెక్క లోపల బురద పేరుకొని, గడప ముందు కొనను ఎల్లప్పుడు తడిగా నుంచును. ఉప్పు, మంచు ఎరుగని కాలిఫోర్నియా వంటి పొడిప్రాంతములకు ఎగుమతియైన బండ్లను ఇంగ్లండువారు తరువాత వెదకి వెనుకకు తెచ్చుకొనుట ఇందువలననే.

ఇచట మోసమునకు అవకాశము మెండు. తుప్పు పట్టిన గడపపై పుట్టీ మెత్తి రంగు వేయుదురు. లేదా కుళ్ళిన రేకును తీయకయే, దానిపై క్రొత్త రేకును ముసుగువలె తొడిగి వెల్డింగు చేయుదురు. అసలు గడప రెండు కొనలును ముందు వెనుక రెక్కల లోపలికి చొచ్చుకొని పోయియుండును. ముసుగు మాత్రము కంటికి కనబడినంత మేరకే యుండును. బరువు ఎచట నుండి ఎచటికి చేరవలెనో ఆ రెండు చోట్లను అది తాకనే తాకదు. పైగా రెండు రేకుల నడుమ క్రొత్త సందు ఏర్పడి తుప్పునకు మరియొక నివాసము దొరకును. కొనువాడు మోసపోకుండుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. తలుపు చుట్టునున్న సందును కొలిచి, బండి ముందు మూలను జాకీతో ఎత్తి, మరల కొలువవలెను. గడప బలముగా నున్నచో సందు దాదాపు మారదు. స్పష్టముగా మారినను, తలుపు బిగుసుకొన్నను, రంగు ఎంత మెరసినను ఆ బండి నడుము విరిగినట్లే భావింపవలెను.

బాగుచేయుటలో వరుసయే ప్రధానము. గడప కోసిన క్షణమున బండికి వెన్నెముక లేకుండ పోవును. ముందు, వెనుక భాగములను పట్టియుంచునది చాల కొద్ది. అప్పుడు నడుము కొంచెము క్రుంగినను, క్రొత్త గడపను ఆ వంకరలోనే వెల్డింగు చేసినచో ఆ వంకర శాశ్వతమగును. తలుపు మరెన్నడును సరిగా పడదు. కావున తెలిసిన టింకరింగు పనివాడు మొదట బండిని సమతలమైన నేలపై, గడపలకు బరువు తగులని చోట్ల స్టాండులపై నిలుపును. తలుపు ద్వారమునకు అడ్డముగా, తలుపు కీలు స్తంభము నుండి వెనుక స్తంభము వరకు ఇనుప కడ్డీలు వెల్డింగు చేసి బిగించును. ఒక ప్రక్క పూర్తియగువరకు రెండవ ప్రక్క ముట్టడు. పెట్రోలు టాంకు వెనుక డిక్కీ క్రిందనే యుండును గనుక దానిని ముందే తీసి దూరముగా నుంచును. బ్యాటరీ తీగలు విప్పును. ముందు రెక్కను విప్పి లోపలి కొనను వెలికితీయును. కుళ్ళినదంతయు కోసి, మెరయు లోహము కనబడినప్పుడే ఆగును. క్రొత్త రేకును వెంటనే వెల్డింగు చేయక, పట్టుకారులతో బిగించి, తలుపును తగిలించి మూసి చూచి, సందు పైనుండి క్రిందివరకు సమానముగా నున్నచో అప్పుడు వెల్డింగు చేయును. సగము సమయము ఈ కొలతలకే పోవును. తొందరపడి దీనిని విడిచినవారు పిదప తలుపులను సుత్తితో సరిచేయ జూచుట కద్దు.

వెల్డింగు వేడిమికి లోపలివైపు రంగు కాలిపోవును. అచటికి కుంచె పోదు. అందువలన కరిగించిన మైనము వంటి పదార్థమును సన్నని గొట్టముతో గడప లోపలికి చిమ్ముదురు; అది సందులలోనికి ప్రాకి తడిని రానీయదు. అడుగున నీరు కారు రంధ్రములను మాత్రము మూయరాదు.

గడపలే కాక నేల, రెక్కలు అన్నియు పోయిన బండ్లకు 1988లో ఒక దారి దొరకినది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ పాత అచ్చులనే వెదకి తీసి, ఎం.జి.బి. శరీరమును మొత్తముగా మరల తయారుచేయ మొదలిడెను. పాత ఇంజను, చక్రములు, సీట్లు క్రొత్త శరీరములోనికి మార్చవచ్చును. అప్పుడది పాత బండియా, క్రొత్త బండియా అను తర్కము వేదాంతులకు విడువదగినది.

తక్కిన భాగములలో బ్రేకు ఆయిలు ముఖ్యము. అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 అను రకము క్రొత్తలో కనీసము 230 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మరగును. తేమ చేరిన పిదప ఆ హద్దు 155కు దిగవచ్చును. కొండదారిలో బ్రేకులు కాగినప్పుడు ఆయిలు మరగి ఆవిరి పుట్టినచో, ఆవిరి అణగిపోవును గనుక పెడలు నేలకంటును, బండి ఆగదు. తక్కువ తిరుగు పాతబండికి ఈ ప్రమాదము ఎక్కువ. మైళ్ళు చూడక రెండేండ్లకొకమారు ఆయిలు మార్చవలెను.

హెడ్‌లైట్లు మసకబారినచో డైనమోను నిందింపక ఎర్త్ అతుకులను చూడవలెను. రెండు దీపములకు కలిపి 100 వాట్లనుకొన్నచో 12 వోల్టులవద్ద సుమారు 8 ఆంపియర్లు ప్రవహించును. తుప్పు పట్టిన ఒక అతుకులో 0.2 ఓముల నిరోధమున్నను వోల్టున్నరకు పైగా అచటనే పోవును. వెలుతురు మూడవ వంతునకు పైగా తగ్గును. అతుకును గీకి బిగించుట పైసా ఖర్చులేని పని. 1967 వరకు వచ్చిన బండ్లలో బ్యాటరీ ధన ధ్రువము శరీరమునకు కలుపబడియుండెడిది. నేటి రేడియోను అది తెలియక తగిలించినచో కాలిపోవును.

పెట్రోలు కూడ మారినది. వెనుక పెట్రోలులో కలిపిన సీసపు సమ్మేళనము ఎగ్జాస్ట్ వాల్వు సీట్లపై పలుచని పొరగా నిలిచి అరుగుదలను ఆపెడిది. బ్రిటనులో 1999తోను, మన దేశములో 2000తోను అది సాధారణ విక్రయము నుండి తొలగెను. ఇప్పుడు సిలిండర్ హెడ్డు విప్పినవారు కఠినమైన ఉక్కు సీట్లను పొదిగింతురు. 2021 సెప్టెంబరు నుండి బ్రిటనులో సాధారణ పెట్రోలున పదవ వంతు వరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబరచి పగులగొట్టును గనుక వానిని తగిన రకముతో మార్చవలెను.

2018 మే నెల నుండి బ్రిటనులో నలుబది యేండ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటేట జరుగు తప్పనిసరి పరీక్ష నుండి మినహాయింపు లభించినది. గడపల అడుగు చూచుటకు ఇప్పుడు యజమానిని నిర్బంధించువారు లేరు. ఏడాదికొకమారు చలికాలమునకు ముందు బండిని ఎత్తి, రెక్కల లోపలి బురదను నీటితో కడిగి, అతుకును మొద్దు స్క్రూడ్రైవరుతో పొడవునా నొక్కుచు పోయినచో, మెత్తగా తగిలిన చోటు చేతికే తెలియును.