మూడవ నెలలో ఆగిన ముల్లు

నెల్లూరికి దక్షిణంగా, చెన్నైకి పోయే పెద్దబాట మీద ఉన్న వెంకటాచలం పేరు వినగానే ఎవరికైనా ఏడుకొండలే స్ఫురిస్తాయి. ఆ కొండమీద తులాభారమనే మ్రొక్కు ఒకటి ఉన్నది. త్రాసులో ఒక ప్రక్క బిడ్డ, రెండవ ప్రక్క బెల్లమో, పటికబెల్లమో, నాణేలో. బిడ్డ ఎంత బరువు తూగితే కన్నవారికి అంత సంతోషం. ఈనాడు ఇండ్లలో స్నానాలగది గుమ్మం దగ్గర పడి ఉండే త్రాసు కథ వేరు. దానిమీద కాలుపెట్టే మనిషి తక్కువ తూగాలని మ్రొక్కుకొంటాడు.

రాధాకృష్ణ పండితుని ఇంటిపేరుకు మూలమైన సర్వేపల్లి గ్రామం వెంకటాచలం మండలంలోనిదే. ఆ ప్రాంతపు బడిపంతులు ఒకరిని ఊహించుకోవచ్చును. వయస్సు నలభై ఎనిమిది, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. సెప్టెంబరు 5న తీసిన గురుపూజోత్సవం ఫోటోలో దండకంటె ముందుగా పొట్ట కనబడింది. ఆ రాత్రే డైరీలో వ్రాసుకొన్నారు: ఉగాది నాటికి 62 కిలోలు.

ఈ 62 ఎక్కడిది? కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించే సూత్రం బెల్జియం దేశపు గణితవేత్త క్వెట్‌లే 1830ల నాడు చెప్పినది. ఆయన చూచినది జనసమూహాల సగటును. ఏ ఒక్క పంతులుగారి పొట్టనూ కాదు. 1972లో ఆన్సెల్ కీస్ దానికి నేటి పేరు పెట్టిన తరువాత అది వైద్యుల బల్లమీదికి ఎక్కింది. భారతీయులకు 23 దాటితే అధికబరువు, 25 దాటితే స్థూలకాయమని మన వైద్యుల లెక్క. ఆ 23 ప్రకారం పంతులుగారికి 62 కిలోల పైచిలుకు వస్తుంది. అంకెలో తప్పులేదు, తొందరంతా గడువులో ఉన్నది.

నెల్లు అంటే వరి. వరి పేరే ఊరి పేరులో ఇమిడిన సీమలో ఆయన అన్నం పూర్తిగా మానివేశారు. మొదటి పక్షంలో మూడు కిలోలు తగ్గినవి. అందులో ఎక్కువ భాగం నీరే: దేహం నిలువ చేసికొన్న గ్లైకోజెన్ కరిగినప్పుడు దానితోకూడ ఉన్న నీరు పోతుంది. డిసెంబరు వచ్చేసరికి ముల్లు 77 దగ్గర ఆగింది. సంక్రాంతి అరిసెలతో వ్రతం ముగిసింది. "నాకు మనోబలం లేదు" అని ఆయన తీర్మానించుకొన్నారు.

నిజానికి మోసపుచ్చినది మనోబలం కాదు, కూడికలూ తీసివేతలూ. 1958లో విష్నోఫ్‌స్కీ అనే అమెరికా వైద్యుడు ఒక పౌను బరువు తగ్గడానికి 3500 కాలరీలు తగ్గించాలని లెక్కకట్టాడు. రోజుకు 500 తగ్గిస్తే వారానికొక పౌను తగ్గుతూనే ఉంటుందని లోకం నమ్మింది. కాని 84 కిలోల దేహానికి కావలసిన గ్రాసం 77 కిలోల దేహానికి అక్కరలేదు. పైగా కరవు వచ్చిందనుకొని దేహం గృహిణివలె పొదుపు మొదలుపెడుతుంది, ఆకలిని పెంచుతుంది. 2011లో కెవిన్ హాల్ బృందం లాన్సెట్ పత్రికలో ఈ లెక్కను సవరించింది. రోజుకు సుమారు 24 కాలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరకు తగ్గేది ఒక కిలో. అందులో సగం తగ్గడానికే ఒక ఏడాది, దాదాపు అంతా తగ్గడానికి మూడేండ్లు. డైరీలో వ్రాసుకొన్న గడువు ఏడు నెలలు!

అందుచేత వైద్యులు మొదటి ఆరునెలలకు ఉన్న బరువులో నూటికి ఐదు నుండి పది వంతుల వరకే గురి పెట్టుకొమ్మంటారు. ఆ ప్రకారం పంతులుగారి తొలి గురి 78 లేదా 79. ముల్లు ఆగిననాడు ఆయన ఆ గురిని దాటి ఉన్నారు. గెలిచిన రోజున ఓడినానని వ్రతం విడిచారు! అక్కడ కొన్నాళ్లు నిలిచి, కొత్త దేహానికి కొత్త లెక్క వేసికొని ఉండవలసినది. కొలిచే సాధనాన్ని కూడ మార్చవచ్చును. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపల నడుము ఉండాలంటారు. దానికి దర్జీ టేపు చాలును.

చెన్నైలో మధుమేహపు అంచున ఉన్న 531 మందిమీద జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. మామూలుగా ఉన్న వర్గంలో మూడేండ్లకు నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. నడకను, భోజనాన్ని దిద్దుకొన్న వర్గంలో అది 39 మందికే. విశేషమేమంటే, వీరి బరువు చెప్పుకోదగినంతగా తగ్గనేలేదు. త్రాసు ఒక్కటే సాక్షి అయివుంటే ఆ శ్రమంతా వ్యర్థమని కొట్టివేసేవారు.

వయస్సుతో గురి మళ్లీ మారుతుంది. అరవై దాటినవారు తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడ కరుగుతుంది. అప్పుడు కిలోలకంటె కుర్చీలోనుండి చేయి ఊనకుండ లేవగలగడం మంచి కొలత. ఎదిగే పిల్లల సంగతి మరీ వేరు. బొద్దుగా ఉన్న ఎనిమిదవ తరగతి బాలికకు చాలాసార్లు బరువు తగ్గవలసిన పనే ఉండదు. పెరగకుండ నిలిస్తే చాలు, ఎత్తు వచ్చి సరిపెడుతుంది. ఆమెను తరగతిలో "ఏమే బూరెలబుట్టా" అని పిలిచే ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలియదు. ఆ పిలుపు విన్ననాటినుండి ఆ పిల్ల మధ్యాహ్నపు అన్నం ఆటస్థలంలో కాకులకు వేస్తున్నదనికూడ వారికి తెలియదు.