ట్రాయ్‌కి పది లక్షల ఉత్తరాలు

ఏ పార్టీ అండా లేకుండా సామాన్య పౌరులు ఆన్‌లైన్‌లో జట్టుకట్టి ప్రభుత్వ విధానాన్ని మార్పించిన సందర్భాలు మన దేశంలో ఎక్కువ లేవు. ఉన్నవాటిలో ముందుగా చెప్పుకోవలసింది 2015-16 నాటి నెట్ న్యూట్రాలిటీ ఉద్యమం. దానికి జెండా లేదు, ఊరేగింపులూ పెద్దగా లేవు. ఒక వెబ్‌సైటు, ఒక వీడియో, ఫేస్‌బుక్‌లో, ట్విట్టర్‌లో, రెడిట్‌లో సాగిన వాదోపవాదాలు, వాటి వెనక ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూనే పనిచేసిపెట్టిన వాలంటీర్లు. ఈపాటి సరంజామాతోనే టెలికాం కంపెనీలను, ఆ తర్వాత ఫేస్‌బుక్ అంతటి సంస్థను నిలువరించగలిగారు.

నెట్ న్యూట్రాలిటీ సూత్రం చెప్పడానికి తేలికే. కనెక్షన్ ఇచ్చే కంపెనీ, వినియోగదారుడు నెట్‌లో ఏం చూస్తున్నాడన్నదాన్ని బట్టి వేగం గానీ ధర గానీ మార్చకూడదు. కరెంటు మీటరు ఫ్యానుకో రేటు, మిక్సీకో రేటు వెయ్యదు కదా, అలాగే. టెలికాం కంపెనీల లెక్క వేరుగా ఉండేది. వాట్సాప్, స్కైప్ వచ్చాక ఎస్సెమ్మెస్‌ల మీద, కాల్స్ మీద రాబడికి గండి పడింది. వేల కోట్లు పోసి తాము నెట్‌వర్క్ వేస్తే లాభం యాప్‌ల వాళ్లు పట్టుకుపోతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. అందులో బొత్తిగా న్యాయం లేదని అనలేం. 2014 డిసెంబరు చివర్లో ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కు విడిగా డబ్బు కట్టాలంది. వినియోగదారులు గగ్గోలు పెట్టేసరికి వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే పథకం తెచ్చింది. ఎంపిక చేసిన కొన్ని సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్‌కు డబ్బు కట్టుకోవాలి. తొలి విడతలో ప్రవేశపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ఉచితమనగానే బాగానే వినిపిస్తుంది. కానీ ఆ సైట్లను ఎంపిక చేసేదెవరు? గొడవంతా అక్కడే.

ఇదిలా ఉండగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 మార్చి 27న ఈ విషయం మీద ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు. ఏప్రిల్ 24లోగా ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. మామూలుగా ఇలాంటి పత్రాలకు జవాబులు రాసేది కంపెనీలు, పరిశ్రమ సంఘాలు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది నిపుణులు. సామాన్యుడికి ఆ పత్రం ఒకటుందనే తెలియదు. తెలిసినా ఆ భాష కొరుకుడు పడదు.

ఉద్యమకారులు మొట్టమొదట తొలగించింది ఈ అడ్డునే. మీడియానామా వార్తా సైటు సంపాదకుడు నిఖిల్ పహ్వా, ఆయనతో కలిసిన న్యాయవాదులు, ప్రోగ్రామర్లు పత్రాన్ని చదివి సారాంశం తయారుచేశారు. ఇరవై ప్రశ్నలకూ జవాబులు రాశారు. సేవ్ ద ఇంటర్నెట్ పేరుతో సైటు పెట్టారు. అందులో ఒక బటన్ నొక్కితే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మెయిల్ తెరుచుకునేది. ట్రాయ్ చిరునామా, సబ్జెక్టు, ప్రశ్నలవారీగా జవాబులు అన్నీ అందులో ముందే సిద్ధంగా ఉండేవి. పంపేవాడు చదువుకుని, నచ్చనిచోట మార్చుకుని, కింద పేరు రాసి పంపితే చాలు. పైకి చూస్తే చిటికెలో పని. ఆ చిటికెను సాధ్యం చేసింది మాత్రం బటన్ వెనకున్న జవాబులు. మెయిల్ సైటు నుంచి కాక ఎవరి ఖాతా నుంచి వాళ్లదే వెళ్లడం కూడా బాగా ఆలోచించి చేసిన పని. ట్రాయ్‌కి అందేది సంతకాల జాబితా కాదు, ఒక్కొక్క పౌరుడి ఉత్తరం.

ఏప్రిల్ 11న ఏఐబీ అనే హాస్య బృందం ఈ విషయం మీద ఒక వీడియో విడుదల చేసింది. టెలికాం నియంత్రణ లాంటి చప్పటి విషయాన్ని నవ్విస్తూ, తిడుతూ చెప్పి, చివర్లో సైటుకు వెళ్లి మెయిల్ పంపమంది. అక్కడి నుంచి మెయిళ్లు వరద కట్టాయి. గడువు ముగిసేనాటికి పది లక్షలు దాటాయి.

ఒత్తిడి ట్రాయ్ ఒక్కదాని మీదే పడలేదు. ఏప్రిల్ 6న ఎయిర్‌టెల్ జీరో అనే పథకం వచ్చింది. యాప్ కంపెనీ ఎయిర్‌టెల్‌కు డబ్బు కడితే, ఆ యాప్ వాడేవాళ్లకు డేటా ఖర్చు ఉండదు. ఫ్లిప్‌కార్ట్ అందులో చేరబోతోందని తెలియగానే జనం దాని యాప్‌కు ఒక్క స్టార్ రేటింగులు గుప్పించారు. ఏప్రిల్ 14న ఫ్లిప్‌కార్ట్ తప్పుకుంది. ఆ మర్నాడు క్లియర్‌ట్రిప్ ఇంటర్నెట్.ఆర్గ్ నుంచి బయటికొచ్చింది. వినియోగదారుడి దగ్గర పరపతి పోతుందన్న భయం కంపెనీలను ప్రభుత్వాలకన్నా తొందరగా కదిలిస్తుంది. కొద్ది రోజుల్లోనే విషయం లోక్‌సభ దాకా వెళ్లింది.

ఈ విజయోత్సాహం మధ్యనే ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఏప్రిల్ 27న ట్రాయ్, వచ్చిన మెయిళ్లన్నింటినీ తన సైటులో పెట్టేసింది, పంపినవాళ్ల పేర్లు, మెయిల్ చిరునామాలతో సహా. అభిప్రాయాలను బహిరంగపరచడం పారదర్శకత కోసమే, అందులో తప్పులేదు. కానీ చిరునామాలను కనిపించకుండా చెయ్యకపోవడంతో పది లక్షల పైచిలుకు ఖాతాల వివరాలు స్పామ్ పంపేవాళ్లకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టయింది. ఆ వెంటనే ట్రాయ్ సైటు కూడా పడిపోయింది. ఆన్‌లైన్‌లో రాజకీయ అభిప్రాయం చెప్పడమంటే పేరూ ఊరూ రాసిపెట్టడమేనని చాలామందికి అప్పుడు తెలిసొచ్చింది.

రెండో అంకంలో పాత్రలు తారుమారయ్యాయి. ఇంటర్నెట్.ఆర్గ్ పేరును ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌గా మార్చింది. 2015 డిసెంబరు 9న ట్రాయ్, డేటా ధరల్లో తేడాలు ఉండవచ్చా అన్న అంశం మీద నాలుగు ప్రశ్నలతో మరో పత్రం తెచ్చింది. ఈసారి ఉద్యమకారుల పద్ధతినే ఫేస్‌బుక్ అందిపుచ్చుకుంది. ఖాతా తెరిచినవాళ్లకు ఫ్రీ బేసిక్స్‌ను సమర్థించమంటూ నోటిఫికేషన్ కనిపించేది. బటన్ నొక్కితే ట్రాయ్‌కి సందేశం వెళ్లిపోయేది. పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలు, రోడ్ల పక్కన హోర్డింగులు, జుకర్‌బర్గ్ స్వయంగా రాసిన వ్యాసం, ఇవన్నీ తోడయ్యాయి. ఆ నోటిఫికేషన్ అమెరికాలో కొందరు వినియోగదారులకూ వెళ్లింది. పొరపాటున జరిగిందని ఫేస్‌బుక్ సర్దిచెప్పుకుంది. ఎదుటి పక్షాన సేవ్ ద ఇంటర్నెట్ వాలంటీర్లు మళ్లీ జవాబులు సిద్ధం చేశారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలు ప్రచారాన్ని విద్యార్థుల్లోకి తీసుకెళ్లాయి.

తలల లెక్కన చూస్తే ఫేస్‌బుక్ గెలిచినట్టే. ట్రాయ్‌కి వచ్చిన సుమారు 24 లక్షల స్పందనల్లో దాదాపు 19 లక్షలు ఫ్రీ బేసిక్స్‌ను సమర్థిస్తూ ఒకే మూసలో వచ్చినవి. చిక్కేమిటంటే ఆ సందేశాలు ట్రాయ్ అడిగిన నాలుగు ప్రశ్నల జోలికి పోలేదు. ఫ్రీ బేసిక్స్ మంచిదని మాత్రమే చెప్పాయి. ట్రాయ్ అడిగింది అది కాదు. సంప్రదింపులను ఎవరో నడిపించే ఓటింగుగా మార్చేస్తున్నారని 2016 జనవరిలో ట్రాయ్ ఫేస్‌బుక్‌కు ఘాటుగానే ఉత్తరం రాసింది. ఫిబ్రవరి 8న నిబంధనలు వెలువడ్డాయి. చూసేదాన్ని బట్టి డేటా ధరల్లో తేడా చూపడం నిషిద్ధం. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల దాకా జరిమానా. మూడు రోజులకే ఫేస్‌బుక్ మన దేశంలో ఫ్రీ బేసిక్స్‌ను మూసేసింది.

నిజానికి 2015 ఏప్రిల్ మెయిళ్లు కూడా చాలామటుకు ఒకే మూసలో ఉన్నవే. తేడా అల్లా, అవి ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాయి. నియంత్రణ సంస్థ ముందు సంఖ్య తలుపు తెరిపించగలదు గానీ, లోపలికి వెళ్లాక వాదనలో పస ఉండాలి. ఇంకో కలిసొచ్చిన అంశమూ ఉంది. ఉత్తరం ఎవరికి రాయాలో, ఏ తేదీలోగా రాయాలో, ఏం అడగాలో అన్నీ ముందే స్పష్టంగా ఉన్నాయి. ఈ మూడూ లేని హ్యాష్‌ట్యాగ్ ఒకటి రెండు రోజులు ట్రెండింగ్‌లో ఉండి వెళ్లిపోతుంది.

అయిదేళ్ల తర్వాత ఇదే పద్ధతిని పర్యావరణ ఉద్యమకారులు వాడినప్పుడు అనుభవం వేరుగా ఎదురైంది. 2020 మార్చిలో కేంద్రం పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనల కొత్త ముసాయిదా తెచ్చింది. అనుమతి లేకుండా నడిచిన పరిశ్రమలకు తర్వాతైనా అనుమతి ఇచ్చే వీలు అందులో ఉండటం మీద తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. మే 7న విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వెలువడి ప్రాణాలు పోయాక, ఆ కర్మాగారం చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని బయటపడ్డాక, ముసాయిదాలో ఆ నిబంధన అర్థమేమిటో విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. లాక్‌డౌన్ వల్ల బయటికి వచ్చి నిరసన తెలిపే దారి లేదు. మిగిలింది మెయిలే. గడువులోగా పదిహేడు లక్షలకు పైగా స్పందనలు వెళ్లాయి.

పర్యావరణ మంత్రి మెయిల్‌కు ఒకే సబ్జెక్టుతో మెయిళ్లు వచ్చిపడుతున్నాయన్న ఫిర్యాదు మీద ఢిల్లీ పోలీసులు ఈ ప్రచారంలో పాల్గొన్న ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా అనే పర్యావరణ బృందం సైటును ఆపించారు. ఆ నోటీసులో మొదట ఉగ్రవాద నిరోధక చట్టం ఉపాను ఉదహరించారు. తర్వాత అది పొరపాటన్నారు. ట్రాయ్‌కి ప్రజాభిప్రాయంగా కనిపించిన మెయిళ్ల వరద ఇక్కడ నేరంగా కనిపించిందన్నమాట. ఇదే ధోరణి మళ్లీ కనిపించింది. 2021 ఫిబ్రవరిలో, రైతు ఉద్యమానికి ఎలా మద్దతు తెలపాలో చెబుతూ ఆన్‌లైన్‌లో తిరిగిన టూల్‌కిట్ పత్రం విషయంలో బెంగళూరుకు చెందిన యువ కార్యకర్త ఒకరు అరెస్టయ్యారు. వాట్సాప్ గ్రూపు పెట్టడం, నిరపాయకరమైన టూల్‌కిట్‌ను దిద్దడం నేరాలు కావని చెబుతూ ఢిల్లీ కోర్టు పది రోజుల తర్వాత బెయిలిచ్చింది.

పర్యావరణ ముసాయిదా విషయంలో భాష సమస్యా కోర్టుకెక్కింది. అది ఇంగ్లిష్, హిందీల్లోనే వచ్చింది. గని పక్కనో కర్మాగారం పక్కనో బతికే మనిషి చదవలేని పత్రం మీద అతని అభిప్రాయం అడగడంలో అర్థం లేదు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ముసాయిదా చివరికి తుది రూపం దాల్చలేదు. మార్పులు మాత్రం విడివిడి ఉత్తర్వుల రూపంలో వస్తూనే ఉన్నాయి. విడి ఉత్తర్వు మీద పదిహేడు లక్షల మెయిళ్లు పంపించడం అంత తేలిక కాదు.

తెలంగాణలో 2019 నాటి నల్లమల ఉదంతం ఈ రెంటికీ భిన్నం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అమ్రాబాద్, పదర ప్రాంతాల చెంచులు, రైతులు, ప్రజాసంఘాలు సభలు పెట్టారు, రోడ్డెక్కారు. సేవ్ నల్లమల హ్యాష్‌ట్యాగ్, సినీతారల ట్వీట్లు, ఆన్‌లైన్ పిటిషన్ ఊపందుకున్నది సెప్టెంబరులోనే. హైదరాబాద్ మీడియా కూడా అప్పుడే పూర్తిస్థాయిలో పట్టించుకుంది. ఉద్యమం పుట్టింది అడవి అంచున. దాన్ని నగరానికి మోసుకొచ్చింది ఫోను.

సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. యురేనియం కేంద్రం అధీనంలోని ఖనిజం, రాష్ట్ర తీర్మానం కేంద్రాన్ని కట్టిపడెయ్యదు. అయితే అడవిలో అడుగు పెట్టాలంటే రాష్ట్ర అటవీ శాఖ తోడ్పాటు కావాలి. ఆ శాఖ మీద అధికారం ఉన్నది హైదరాబాద్‌లో కూర్చునేవాళ్లకే.