మంటిపిట్టలు

మన పాఠశాల తోటలో బావిప్రక్కనున్న పిట్టగోడ తన పేరును సార్థకము చేసికొనుచున్నది. దానిమీద పండ్రెండు మంటిపిట్టలు వరుసగా కూర్చుండియున్నవి. తలిదండ్రులు కొందఱు వానిని చూచి, ఏ యంగడిలో కొంటిరని యడుగుచుందురు. అవి కొన్నవి కావు. ఆఱవతరగతి బాలబాలికలు తమ చేతులతో చేసినవి. అవి యెట్లు తయారైనవో, అంతకుముందు చేసినవి యెట్లు చెడిపోయినవో యీ వ్యాసమున వ్రాయుచున్నాను. చెడిపోయిన కథయే నేర్చుకొనువారి కెక్కువ యుపయోగమని నా యభిప్రాయము.

మొదటి సంవత్సరము నేను పిల్లలను ప్రత్తిచేని గట్టునకు తీసికొనిపోయి నల్లరేగడిని త్రవ్వించితిని. చేతికి జిగటగా తగిలినందున బొమ్మలకు శ్రేష్ఠమైన మన్ను అదియేయని తలంచితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మంటిపని నేనును నేర్చినవాడనే; కాని యచ్చట మన్ను సిద్ధముచేసి మా ముందు పెట్టెడివారు. పిల్లలు చేసిన పిట్టలు తడిగా నున్నంతవఱకు ముచ్చటగానే యుండెను. మూడవనాటికి మెడలయొద్ద పగుళ్లు కనబడెను. వారము తిరుగునప్పటికి ఒక్కటియు మిగులలేదు. ఒక చిన్నవాడు తెగిపడిన పిట్టతలను అఱచేత పెట్టుకొని యేడ్చెను. అప్పుడు వెనుకబల్లమీది బాలిక యొకతె మెల్లగా, “అది కుండమన్ను కాదండీ” అనెను. ఆమె తండ్రి కుమ్మరి. ముందే యేల చెప్పలేదని యడుగగా తల వంచుకొనెను. ఇంటిపని మాట యెత్తిన తోడివారు నవ్వుదురని యామె భయము. ఆ తప్పులో నాకును భాగము కలదు. సంవత్సరము పొడుగున ఆమెకు పాఠములు చెప్పితినేగాని, మీ యింట ఏ మన్ను వాడుదురమ్మా యని యొకనాడైనను అడుగనైతిని.

రేగడి యేల పగులును? దాని బంకలో మాంట్‌మొరిలొనైట్ అను ఖనిజము మెండు. ఫ్రాన్సు దేశమందలి మాంట్‌మొరిలాన్ అను పట్టణమునుబట్టి దానికాపేరు వచ్చినది. దాని రేణువులు పుస్తకపుటాకులవలె పొరలు పొరలుగా నుండును. నీరు ఆ పొరల నడుమ చొచ్చి వానిని ఎడము చేయగా మన్ను ఉబ్బును. నీరు ఆరగానే పొరలు దగ్గఱపడి కుంచించుకొనును. వేసవిలో మన చేలలో చేయి దూరునంతటి నెఱ్ఱెలు పడుటకును, రేగడి నేలలలో ఇంటిగోడలు బీటలు వారుటకును ఇదియే కారణము. పైరుకు మాత్రము ఆ గుణమే మేలు. రేగడి తేమను చాలకాలము దాచుకొని, వానలు వెనుకబడినను ప్రత్తిమొక్కను నిలుపును. భూగోళశాస్త్ర గ్రంథములలో కనబడు ‘రెగర్’ అను మాట మన రేగడినుండి పుట్టినదే.

మరునాడు ఆ బాలిక తండ్రి పాఠశాలకు వచ్చి మా ముక్కలను చూచి, “ఇది ప్రత్తికి మంచి మన్ను పంతులుగారూ, కుండకు కాదు” అని నవ్వెను. ఆయన మమ్ము చెరువునకు తీసికొనిపోయి అడుగున పేరుకొనిన ఒండ్రును చూపెను. దానిని ఎండబెట్టి, నలుగగొట్టి, వేళ్లును రాళ్లును ఏఱి, నీట నానబెట్టి, వడగట్టవలెను. తెల్లని సున్నపురాతి పలుకులను మిక్కిలి శ్రద్ధగా ఏఱుడని ఆయన మఱిమఱి చెప్పెను. ఇందులోని కారణము పిల్లలు తెలిసికొనదగినది. ఆ పలుకు నిప్పులో కాలి సున్నమగును. బొమ్మ చల్లారిన కొన్నాళ్లకు గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, పైనున్న మంటిని పెచ్చుగా ఎగురగొట్టును. కాల్చిననాడు చక్కగానున్న బొమ్మ పదిదినములకు గుంటపడుట యిందువలననే. వడగట్టిన మంటికి సన్నని యిసుక కలిపి కాళ్లతో త్రొక్కవలెను. ఇసుక కుంచించుకొనదు గనుక పగుళ్లను తగ్గించును. మా చెరువుమంటికి నాలుగుపాళ్లకు ఒకపాలు ఇసుక సరిపోయినది. వేఱుచోట్ల పరీక్షించి చూచుకొనవలెను: మంటిని త్రాడుగా పేని వ్రేలికి చుట్టినపుడు విఱుగకుండిన చాలును.

ఇక పిట్ట. దానిని ముద్దగా చేయరాదు, డొల్లగా చేయవలెను. దళసరి ముద్ద పైన ఆరి లోపల పచ్చిగా నుండును. ఆ తడి నిప్పులో ఆవిరియై ముద్దను బ్రద్దలుచేయును. కావున నిమ్మకాయంత ముద్దలు రెండు తీసికొని, బొటనవ్రేలితో నొక్కుచు పావు అంగుళము మందము గల చిన్న గిన్నెలుగా చేయవలెను. అంచులను ముల్లుతో గీచి, పలుచని మంటిబురద పూసి, రెంటిని అతికి అతుకును వ్రేలితో నునుపు చేయవలెను. తల, ముక్కు, తోక తరువాత నతుకవలెను. కడుపు క్రింద ఒక రంధ్రము తప్పక యుండవలెను. లేనియెడల లోని ఆవిరికి దారి యుండదు. ఈ యుపాయము క్రొత్తది కాదు. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తుశాఖవారు త్రవ్వినపుడు శాతవాహనుల కాలపు మంటిబొమ్మలు బయల్పడినవి. వానిలో ముందుభాగమును వెనుకభాగమును వేఱువేఱు అచ్చులలో తీసి అతికిన డొల్లబొమ్మలు కలవు.

ఆరబెట్టుటలో పిల్లలకు ఓర్పు చాలదు. ఎండలో పెట్టరాదు. నీడను, గాలి విసురుగా తగులని చోట, వారము పదిదినము లుంచవలెను. ముక్కును తోకయు పలుచనివి గనుక ముందుగా ఆరి విడిపోవును; వానిపై తడిగుడ్డ కప్పవలెను. ఇంతవఱకు ఏది చెడినను నష్టము లేదు. నీటిలో వేసిన మరల మన్నగును. యిర్మీయా ప్రవక్త చూచిన కుమ్మరి, చేతిలో చెడిన పాత్రను మరల వేఱొక పాత్రగా చేసినది పచ్చిమంటితోనే. సుమారు 600 సెంటిగ్రేడు డిగ్రీలు దాటి కాలినపిదప మంటిలో ఇమిడియున్న నీరుకూడ విడిపోవును. అటుపిమ్మట ఎంత నానబెట్టినను అది మెత్తబడదు.

మా పిట్టలను ఆ కుమ్మరియే తన వాములో కుండల నడుమ నుంచి కాల్చియిచ్చెను. తొలుత చాలసేపు సన్నని సెగయే పెట్టవలెను. పిదప మంట పెంచవలెను. గాలి చక్కగా ఆడినచోట మంటిలోని ఇనుము ఎఱ్ఱబడును. పొగ క్రమ్మినచోట నల్లబడును. మావి పదునాలుగు పెట్టగా పండ్రెండు నిలిచినవి. ఒకటి సగము నలుపు, సగము ఎఱుపు. అది చెడినదని పిల్లలనుకొనిరి గాని, నాకన్నిటికంటె అదియే అందముగా తోచినది.

ఆ బాలికయే తోడివారికి అతుకుట నేర్పినది. నేను ప్రక్కన నిలిచి చూచితిని.

పిట్టలను ఇంట చేయదలచువారు వానిని రేగడి నేలపై నేరుగా నుంచరాదు. వానకు నేల ఉబ్బి, వేసవికి కుంగి, బొమ్మ ఒరిగిపోవును. ఇటుకల మీదనో గోడమీదనో పెట్టవలెను. ప్రక్కనొక మంటిమూకుడులో నీరు పోసియుంచినచో నిజమైన పిచ్చుకలును వచ్చును; ఆ నీటిని దినదినము మార్చవలెను. వానకాలమున నాచు పట్టిన బొమ్మలను కొబ్బరిపీచుతో తోమిన చాలును.