మూడు గళ్ళు దాటిపోయిన మల్లన

ఆర్మూరుకు ప్రధాన సంఖ్యల యోగం ఉన్నట్టు లేదు. ఊరి పిన్‌కోడు 503224 సరి సంఖ్య, ఇక అడగక్కర్లేదు. ఊరి దగ్గర కలిసే జాతీయ రహదారుల్లో 44 రెండుతో, 63 మూడుతో నిశ్శేషంగా భాగమవుతాయి. ఇప్పుడు 44 అయిన నాగపూర్–హైదరాబాద్ దారికి మొదట్లో 7 అని పేరుండేది. తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ భాగం పోని సిసలైన ప్రధాన సంఖ్య. 2010లో నంబర్లు మార్చి అదీ తీసేశారు!

ఆర్మూరు సంగతి అలా ఉంచితే, తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య 2024 అక్టోబరు 12న బయటపడింది. పట్టుకున్నది అమెరికాకు చెందిన ల్యూక్ డ్యురాంట్. 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది అదే. మొత్తం 4,10,24,320 అంకెలు, చివర 551. సెకనుకో అంకె చొప్పున, జూన్‌లో పసుపు నాటిన రోజున చదవడం మొదలెట్టారనుకోండి. ఆ పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, అమ్ముకుని, మరుసటి జూన్‌లో మళ్ళీ నాటి, సెప్టెంబరు సగం దాటేదాకా తిండీ నిద్రా మాని చదువుతూనే ఉండాలి.

ఇదే పోలికలో ఒక సంఖ్య తెలుగు పద్యంలో ఏనాడో ఉంది. 11వ శతాబ్దపు పావులూరి మల్లనదిగా చెప్పే ఆ పద్యంలో చదరంగం గళ్ళ లెక్క వస్తుంది. ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే 64 గళ్ళకూ కలిపి ఎంత? చంద్రుడంటే 1, వేదమంటే 4, బాణమంటే 5 అనుకుని, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకోవాలి. తేలేది 18446744073709551615. 64 రెండ్లను గుణించి ఒకటి తీసేసినదే ఇదీ. కానీ చివర 5 ఉంది, ప్రధాన సంఖ్య అయ్యే ఆశ లేదు. విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. చివరి దాన్ని 641తో గుణిస్తే వచ్చేదాన్ని గణితవేత్త ఫెర్మా అంతటివాడు ప్రధాన సంఖ్యేనని నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని విరగ్గొట్టాడు.

మల్లన మూడు గళ్ళ ముందే ఆగి ఉంటే! 61 గళ్ళ మొత్తం 2305843009213693951 అచ్చమైన ప్రధాన సంఖ్య. 1883లో పెర్వుషిన్ అనే రష్యా చర్చి గురువు ఆ సంగతి తేల్చాడు. మొత్తం ప్రధాన సంఖ్య కావాలంటే గళ్ళ లెక్క కూడా ప్రధాన సంఖ్యే కావాలి. అయినా నమ్మకం లేదు: 11 గళ్ళకు వచ్చే 2047ను 23 భాగించేస్తుంది. పలకంతా వెతికితే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ళ దగ్గర మాత్రమే కుదురుతుంది. సరిగ్గా తొమ్మిది. నవసిద్ధుల గుట్ట ఉన్న ఆర్మూరు వాళ్ళు ఈ ఒక్క లెక్కతో తృప్తి పడవచ్చు.

నాలుగు కోట్ల అంకెల సంఖ్యతో నిత్యవ్యవహారంలో పైసా పని లేదు. బ్యాంకు రహస్య సంకేతాలకు వందల అంకెలవి చాలు. వేట మాత్రం ఆగదు. పది కోట్ల అంకెల ప్రధాన సంఖ్యకు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 1,50,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. 1996 నుంచి సాగుతున్న జింప్స్ అనే ఉమ్మడి వేటలో ఎవరైనా చేరవచ్చు, సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇంట్లో కంప్యూటరు ఖాళీగా ఉంటే ప్రయత్నించండి, కరెంటు బిల్లు మాత్రం మీదే.