స్పానిష్‌లో 'అండి' ఎక్కడుంది?

ఇంటికి పెద్దలు వస్తే హోసూరులోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా మనం 'రండి' అంటాం. ధాతువు చివర 'అండి' చేరితే చాలు, గౌరవం వచ్చేస్తుంది. స్పానిష్ నేర్చుకొనే మన విద్యార్థులు అక్కడ కూడా అలాంటి ప్రత్యయం కోసం వెతుకుతారు. అది దొరకదు.

స్పానిష్‌లో 'మీరు' అనడానికి 'ఉస్తెద్' అంటారు. 'తమరి దయ' అనే అర్థమున్న 'బ్వెస్త్ర మెర్సెద్' వాడుకలో అరిగి ఇలా అయింది. ఎదుటివారిని నేరుగా పిలవకుండా, వారి దయను ఉద్దేశించి మాట్లాడడమన్నమాట. అందుకే దీనితో క్రియ మధ్యమ పురుషలో కాక ప్రథమ పురుషలో వస్తుంది. సంస్కృతం చదివినవారికి ఇది కొత్త కాదు: 'త్వం ఆగచ్ఛ', 'భవాన్ ఆగచ్ఛతు' అనే రెండింటిలో రెండోది ఈ తీరుదే.

ఇక ఆజ్ఞ సంగతి. పెద్దలను ఆజ్ఞాపించలేం, కోరగలం. కాబట్టి స్పానిష్ ఇక్కడ కోరికను తెలిపే క్రియారూపాన్ని వాడుకొంటుంది. దీన్ని సంభావనార్థకం అందాం. జరిగినదాన్ని కాక, జరగాలనుకొన్నదాన్ని చెప్పే రూపమిది. మన 'వర్ధిల్లుగాక' దీనికి దగ్గరి చుట్టం.

రూపసిద్ధి సులభమే. వర్తమానంలో 'నేను'కు వచ్చే రూపం తీసుకొని చివరి 'ఒ'ను తొలగించాలి. 'ఆర్' అంతమందున్న క్రియలకు 'ఎ', 'ఏర్', 'ఈర్' అంతమందున్నవాటికి 'అ' చేర్చాలి.

అబ్లార్ (మాట్లాడడం): అబ్లొ – అబ్లె
కొమేర్ (తినడం): కోమొ – కోమ
దెసీర్ (చెప్పడం): దీగొ – దీగ
బెనీర్ (రావడం): బెంగొ – బెంగ

చివరిదానికీ మన బెంగకూ సంబంధం లేదు! పలువురితో మాట్లాడేటప్పుడు 'న్' చేరుతుంది: అబ్లెన్, కోమన్. ఈ సూత్రానికి లొంగనివి కొన్ని ఉన్నాయి. 'వెళ్లండి' అనడానికి 'బాయ' అనాలి. అలాంటివాటిని కంఠస్థం చేయక తప్పదు.

మనవాళ్లు తరచు పొరబడే చోటు ఒకటుంది. 'అబ్ల' అంటే మాట్లాడు, 'అబ్లె' అంటే మాట్లాడండి. దీన్నిబట్టి 'ఎ' అంటే 'అండి' అని గుర్తుపెట్టుకొన్నవారు భోజనాల దగ్గర పెద్దాయనతో 'కోమె' అంటారు. దానర్థం 'తిను'! 'తినండి' అనాలంటే 'కోమ'. గౌరవం అచ్చులో లేదు, అచ్చు మారడంలో ఉంది.

'వద్దు' అనడానికి ముందు 'నొ' చేరిస్తే చాలు: 'నొ బెంగ', రాకండి. అయితే 'నాకు చెప్పండి' అనేటప్పుడు 'దీగమె' అని సర్వనామం క్రియకు వెనుక అతుక్కొంటుంది. 'నాకు చెప్పకండి'లో 'నొ మె దీగ' అని ముందుకు వస్తుంది.

'మీరు రావాలని నా కోరిక' అనడానికి 'కియేరొ కె ఉస్తెద్ బెంగ' అంటారు. 'రండి' అన్నప్పటి 'బెంగ'యే ఇదీ. వాక్యంలోని 'నా కోరిక' అన్న భాగాన్ని మనసులోనే ఉంచుకొంటే మర్యాదగల పిలుపు మిగులుతుంది. ఈ సంగతి పట్టుబడితే రెండు పాఠాలు ఒకటవుతాయి.